పొగ రంగుతో పాటు పొగ వేళ చూడండి

మోటార్ మెకానిక్ ట్రేడ్ చదువుతున్న మీ అందరికీ నమస్కారం.

నీలం పొగంటే ఆయిల్ కాలుతోందని, నలుపంటే ఇంధనం ఎక్కువైందని, తెలుపంటే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతోందని మీరు చదివే ఉంటారు. అది నిజమే. కానీ రంగొక్కటే చూసి ఇంజిన్ విప్పకండి. పొగ ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అని ముందు బండి నడిపే మనిషిని అడగండి.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక టాక్సీ అన్న నీలం పొగతో మా షెడ్డుకు వచ్చాడు. "పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమంటుంది, తర్వాత ఉండదు" అని చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. బోరుకొచ్చిందని, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిందని తేల్చి ఇంజిన్ దించారు. విప్పి చూస్తే బోరు బాగుంది, పిస్టన్ రింగులూ బాగున్నాయి. పోయినవి వాల్వ్ సీల్స్. అన్ని రోజులూ బండి లేక, బేరాలు లేక ఆయన ఇంట్లో కూర్చున్నాడు. ఆ ముఖం నాకింకా గుర్తుంది.

సీల్ రబ్బరు గట్టిపడితే ఆయిల్ రాత్రంతా వాల్వ్ కాడ వెంట జారి సిలిండర్‌లో చేరుతుంది. పొద్దున అదే కాలుతుంది. ఇంకో గుర్తుంది. తిరుమల ఘాట్‌లో యాక్సిలరేటర్ వదిలి రెండో గేర్‌లో దిగుతున్నంతసేపూ పెట్రోల్ ఇంజిన్ గట్టిగా పీలుస్తూ ఉంటుంది, ఆయిల్‌ను కూడా లాగుతుంది. కిందికి అలిపిరి చేరి యాక్సిలరేటర్ తొక్కగానే నీలం పొగ గుప్పున వస్తే నా అనుమానం ముందు సీల్స్ మీదే. రింగులు అరిగిన బండి అలా కాదు, లోడ్ మీద ఎత్తెక్కుతున్నంతసేపూ పొగ వదులుతూనే ఉంటుంది. అప్పుడు కూడా కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, గేజ్‌తో చూడండి. పెట్రోల్ బండిలో తగ్గినట్టు కనిపిస్తే సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులే.

తెల్ల పొగతో జనానికి టెన్షన్ ఎక్కువ. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున సైలెన్సర్ నుంచి తెల్లగా వచ్చేది ఆ ఆవిరే, ఇంజిన్ వేడెక్కితే పోతుంది. వేడెక్కాక కూడా దట్టంగా, తియ్యటి వాసనతో వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే మాత్రం హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల కాఫీలా ఉంటే బండి ఇక నడపనివ్వకండి. వేడి మీద రేడియేటర్ మూత అసలు తీయకండి. డీజిల్ బండి చలికి తెల్లగా వదిలితే, కాలని డీజిలేమో, చలిలో సిలిండర్‌ను వేడి చేసే గ్లో ప్లగ్‌లు చూడండి.

నల్ల పొగకు ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, తర్వాతే ఇంజెక్టర్లు, సెన్సర్లు. పొగ కాలుష్య ప్రమాణం బీఎస్6 కింద 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో ఉండే ఇంకో ఫిల్టర్ మసిని పట్టేస్తుంది. అలాంటి బండి నల్లగా వదిలితే ఆ ఫిల్టర్ పగిలిందేమో, ఎవరైనా తీసేశారేమో చూడాలి.

ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అందుకే ఇప్పుడు షట్టర్ పూర్తిగా ఎత్తుదాం, ఇద్దరు సాయం పట్టండి. లోపలున్న కారును నిన్న రాత్రి నుంచి స్టార్ట్ చేయనివ్వలేదు. బయటికి తోసి, ఒకరు తాళం తిప్పండి. మిగతావాళ్లు నాతో వెనక పక్కకు రండి.