మిరుగం నాడు కొర్రమట్ట కొనే ముందు

[హనుమకొండ చేపల మార్కెట్, పొద్దున ఆరున్నర. టబ్బులో కదులుతున్న కొర్రమట్టలు (కొర్రమీనులు)]

నమస్తే అందరికీ. మిరుగం, అదే జూన్ 8 ప్రాంతంలో మొదలయ్యే మృగశిర కార్తె, వస్తోంది కదా, ఇంకో రెండు రోజుల్లో ఇక్కడ కాలు పెట్టే సందు కూడా ఉండదు, ఆయాసం ఉన్నవాళ్లు లేనివాళ్లు అందరూ ఆ రోజు చేప తింటే ఆయాసానికి మంచిదన్న నమ్మకంతో ఒక్క ముక్కైనా నోట్లో పడాలని చూస్తారు, మా ఇంట్లోనూ అంతే. తినొద్దని చెప్పడానికి రాలేదు. ఏ చేప తినాలో మాట్లాడుకుందామని వచ్చా.

సముద్రం సంగతి ముందు తేల్చేద్దాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని. మిరుగం సరిగ్గా ఆ బంద్‌లోనే పడుతుంది. ఆ రోజు ఎవరైనా సముద్రపు చేప వంజరం చూపించి "రాత్రే కాకినాడ నుంచి దిగింది" అంటే, ఇంజిన్ లేని చిన్న పడవల మీద పట్టింది కావచ్చు, వాటికి నిషేధం లేదు. ఐస్‌లో ఎన్నాళ్ల నుంచో ఉన్నదైనా కావచ్చు. అడగడంలో తప్పేం లేదు.

[చెరువు కట్ట మీది నుంచి షాట్]

మనకు అసలు కథ ఇక్కడుంది. మన చెరువుల్లో చేపలు రెండు రకాలు అనుకోండి. ఒకటి వదిలిన చేప: బొచ్చె, రవ్వ, మృగాల. 2016 నుంచి సర్కారు చెరువుల్లో పిల్లలు వదులుతోంది కదా, ఎక్కువ ఇవే. బొచ్చె పైనీళ్లలో తింటుంది, రవ్వ మధ్యలో, మృగాల అడుగున, ఒకదాని తిండికి ఒకటి పెద్దగా అడ్డురాదు. ఇవి పారే నదిలో, వరద నీటిలో గుడ్లు పెట్టే రకం. నిలవ నీటి చెరువులో ఎంత పెరిగినా పిల్లల్ని చేయవు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి హార్మోన్ ఇంజెక్షన్‌తో వీటి జాతివాటితోనే గుడ్లు పెట్టించాడు, ఆ తర్వాతే చేపపిల్లల్ని పుట్టించే హేచరీలు, చేపపిల్లల ప్యాకెట్లు అన్నీ. ఏటా జులై 10న చేప రైతుల దినోత్సవం చేసేది అందుకే.

రెండోది చెరువులో పుట్టి చెరువులోనే పెరిగే చేప. కొర్రమట్ట, జెల్లలు, పరకలు. వీటికి హేచరీ లారీ రాదు. ఈ ఏడు తల్లి మిగిలితేనే వచ్చే ఏడు చేప. వీటిలో చాలావాటికి గుడ్లు నిండేది ఎప్పుడు? తొలకరికే. అంటే మిరుగానికే!

[పాత ఫోన్ క్లిప్: నిండి మత్తడి (అలుగు) దుంకుతున్న చెరువు]

చిన్నప్పుడు నర్సంపేట దగ్గర మా మామవాళ్ల ఊళ్లో మత్తడి దుంకిందంటే బడి బంద్. నీళ్లకు ఎదురెక్కే చేపల్ని పట్టడానికి ఊరంతా దోమతెరలు, చీరలు, వెదురు బుట్టలు పట్టుకుని దిగేది, నేనూ దిగేవాణ్ని, అబద్ధమెందుకు. ఇంటికి తెచ్చి కోస్తే పొట్ట నిండా గుడ్లే. దోమతెరతో ఇంకో నష్టం కూడా ఉంది, అప్పుడే వదిలిన వేలెడు పిల్లలు కూడా అందులోనే చిక్కుతాయి. వల కన్ను పెద్దదైతే అవి జారిపోతాయి, అంతే తేడా.

కొర్రమట్టది ఇంకా ఘోరం. వానాకాలంలో ఒడ్డు పక్కన నీళ్ల మీద ఎర్రటి గుంపు ఒకటి తేలుతూ మునుగుతూ కనిపిస్తుంది, చూశారా? అవి పిల్లలు, గాలి కోసం పైకొస్తాయి. కింద పెద్ద చేప కాపలా. సరిగ్గా అక్కడ కప్పను గుచ్చిన గాలం ఆడిస్తే అది కోపంతో వచ్చి కరుస్తుంది, పట్టినవాడికి కిలో చేప. పైన వందల పిల్లల్ని ఆ సాయంత్రానికి వేరే చేపలు, కొంగలు తినేస్తాయి. మన తెలంగాణ రాష్ట్ర చేప అండీ అది!

కరెంటు తీగలు, మందు కలపడం, జిలెటిన్ పేల్చడం గురించి ఎక్కువ చెప్పను, అది వేట కాదు. పేలుడు, విషం రెండూ 1897 నాటి చట్టంలోనే నేరం.

[మళ్లీ మార్కెట్, కత్తిపీట దగ్గర]

మరి మిరుగానికి ఏం కొనాలి? నన్నడిగితే పెద్ద బొచ్చె లేదా రవ్వ. కొర్రమట్టే కావాలంటే పెంపకం చెరువుదా అని అడగండి, జానెడు కూడా లేనిదైతే ముట్టుకోకండి, అది బహుశా ఒక్కసారి కూడా గుడ్లు పెట్టి ఉండదు.

ఇదంతా ఇక్కడి అక్కకు చెప్తే నవ్వింది.

"గుడ్లున్న చేపకే గిరాకీ బిడ్డా, నువ్వేమో వద్దంటున్నవ్."

"గుడ్లు వద్దనట్లే అక్కా, బొచ్చె గుడ్లు ఇయ్యి. చెరువుల అవి ఎట్లాగూ పిల్లలు కావు."

కాసేపు నా మొఖం చూసి, ఐస్ కింది నుంచి మూడున్నర కిలోల బొచ్చె తీసి కత్తిపీట మీద పెట్టింది. పొట్ట చీల్చగానే రెండు పక్కలా పసుపు గుడ్ల సంచులు.

"గివి విడిగ తూకమేస్త," అంది.