జిగురు ఒక్కటే తూచి తీర్పు చెప్పకండి

అందరికీ నమస్కారం. పరిచయాలు అయ్యాయి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను: బాక్టీరియా తమలో తాము సిగ్నల్ పంపుకుంటున్నాయా లేదా అని వాటి జిగురును బట్టి తేల్చడం.

క్యాబేజీకి నల్ల కుళ్లు తెచ్చే జాంథోమొనాస్ క్యాంపెస్ట్రిస్ అనే బాక్టీరియాలో ప్రతి కణం డీఎస్ఎఫ్ అనే కొవ్వు ఆమ్లాన్ని సిగ్నల్‌గా బయటికి వదులుతుంది. తయారుచేసేది ఆర్‌పీఎఫ్-ఎఫ్ ఎంజైమ్. గుంపు చిక్కబడి డీఎస్ఎఫ్ పేరుకున్నాక, కణం పొరలోని ఆర్‌పీఎఫ్-సీ దాన్ని పసిగట్టి ఆర్‌పీఎఫ్-జీని మేల్కొలుపుతుంది. ఈ జీ, కణంలోపలి సందేశ అణువైన సైక్లిక్ డై-జీఎంపీని విరగ్గొడుతుంది. ఆ అణువు అంటుకుని ఉన్నంతసేపు డీఎన్‌ఏని పట్టలేని సీఎల్‌పీ ప్రోటీను అప్పుడు విడుదలై జీన్లను నడుపుతుంది. జాంథాన్ జిగురు, మొక్క గోడను కోసే ఎంజైములు పెరుగుతాయి. మనం సాసుల్లో తినే జాంథాన్ ఇదే.

దీన్ని కళ్లతో చూడాలంటే బాక్టీరియాను పెంచే ఒక ప్లేటు చాలు. ఆర్‌పీఎఫ్-ఎఫ్ లేని మ్యూటెంటునూ (జన్యువు మారిన బాక్టీరియాను), ఆర్‌పీఎఫ్-సీ లేని మ్యూటెంటునూ దాని మీద పక్కపక్కన గీతలుగా పూయండి. సీ లేనిది డీఎస్ఎఫ్‌ను మామూలు కంటే ఎక్కువే చేస్తుంది, కానీ వినలేదు. ఎఫ్ లేనిది వినగలదు, పలకలేదు. కాబట్టి పక్కింటి డీఎస్ఎఫ్ అందిన ఎఫ్ మ్యూటెంటు అంచు మళ్లీ జిగురు చేసి తడిగా మెరుస్తుంది. సీ మ్యూటెంటు పొడిగానే ఉండిపోతుంది.

ఇక నన్ను బాధపెట్టే సంగతి. పొడి కాలనీ కనబడగానే "సిగ్నల్ పోయింది" అని రాసేస్తున్నారు. మీడియాలో, అంటే బాక్టీరియాను పెంచే పోషకంలో, చక్కెర తక్కువైతే మంచి స్ట్రెయిన్ (బాక్టీరియా రకం) కూడా పొడిగానే పెరుగుతుంది! ముందు 2 శాతం గ్లూకోజ్ వేసి చూడండి. జిగురు తూకంలోనూ ఇలాగే పొరబడతారు. చిక్కటి కల్చరును (బాక్టీరియా పెరిగిన ద్రవాన్ని) సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే కణాలు అడుక్కి దిగవు, పైద్రవంలోనే ఉండి జిగురు బరువులో కలుస్తాయి. ముందు నీళ్లతో పలుచన చేయండి. పైద్రవానికి కొద్దిగా పొటాషియం క్లోరైడ్, రెండింతల చల్లటి ఇథనాల్ కలిపి, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచి, విడిన జిగురును ఆరబెట్టి తూచండి. ఆ బరువును కణాల సంఖ్యతో భాగించాలి. లేదంటే నెమ్మదిగా పెరిగిన మ్యూటెంటు జిగురు చేయడం మానేసినట్టు కనిపిస్తుంది.

ఒక్కమాట, రైతులతో పనిచేసేవాళ్లకు. వరి ఎండాకు తెగులు ఆకును కోసి గాజు గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి తెల్లటి మబ్బులాంటి తీగ దిగుతుంది. అది బాక్టీరియా, దాని జిగురు. దీనికి శిలీంధ్రాల మందు కొట్టించకండి, దయచేసి. అది డబ్బు దండగ.

జాంథోమొనాస్ ఒరైజె అనే ఆ వరి బాక్టీరియా దగ్గరే క్యాబేజీ పాఠం తడబడుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో 2002లో దాని ఎఫ్ మ్యూటెంటును పరీక్షిస్తే, జిగురు మామూలుగానే ఉంది. తగ్గిపోయింది రోగం తెచ్చే శక్తి, ఇనుము కొరతలో పెరిగే శక్తి. మరో స్ట్రెయిన్‌లో, మరో ల్యాబులో, జిగురు కూడా తగ్గింది. అందుకే వరి మీద పనిచేసేవాళ్లు జిగురు తూచే రోజునే, అదే స్ట్రెయిన్‌ను ఇనుము తగ్గించిన మీడియాలో కూడా పెంచి చూడండి.