సీసా మీద ఇరవై, లెక్కలో పదిహేడున్నర

యాంకర్: నమస్కారమండీ. శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పే మాస్టారు ఈరోజు మనతో ఉన్నారు. మాస్టారూ, పుండు కడగడానికి మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ కొంటాం కదా. సీసా మీద '20 వాల్యూమ్' అని ఉంటాది. అదేటండి?

మాస్టారు: ఒక మిల్లీలీటరు పూర్తిగా నీళ్లు, ఆక్సిజన్‌గా విరిగితే 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందనమ్మా. శాతంలో అయితే సుమారు 6. కానీ అది నింపిన నాటి మాట. మూత వదులుగా పెట్టీసి, కిటికీ పక్కన వదిలీసి, పైగా మన ఎండలు... ఇప్పుడు ఎంత మిగిలిందో లేబుల్ ఏం చెప్తుంది?

యాంకర్: మరెలాగ తెలుస్తాది?

మాస్టారు: పర్మాంగనేట్‌తో టైట్రేషన్. అంటే బలం తెలిసిన ఊదా రంగు పర్మాంగనేట్ ద్రావణాన్ని కొద్దికొద్దిగా వేసి, ఎంత పట్టిందో చూసి పెరాక్సైడ్ బలం లెక్కకట్టడం. సిలబస్‌లో ఆక్జాలిక్ ఆమ్లం, మోర్ లవణం అనే ఇనుము లవణమే ఉంటాయి. ఇది నేను సరదాకి చేయిస్తాను. సీసాలోంచి 10 మి.లీ. తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో 250 మి.లీ. చెయ్యాలి. బోరునీళ్లు వద్దు, వాటిలో ఇనుము ఉంటే పెరాక్సైడ్‌ని విరగ్గొట్టేస్తుంది. అందులో 20 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులోకి తీసి, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పొయ్యాలి.

యాంకర్: అప్పుడు వేడి చేస్తాం.

మాస్టారు: (నవ్వుతూ) అదిగో! ఆక్జాలిక్‌ని 60, 70 డిగ్రీలకి కాచి కాచి పిల్లల చెయ్యి కూడా తిన్నగా బర్నర్ మీదకే పోతుంది. ఇక్కడ కాస్తే కొలవాల్సిన సరుకే ఆవిరి... ఆవిరి కాదులే, విరిగిపోతుంది. చల్లగానే చెయ్యాలి.

యాంకర్: చల్లగా అయితే రంగు తొందరగా పోతుందేటి?

మాస్టారు: బ్యూరెట్, అంటే కొలత గీతలున్న పొడవాటి గొట్టం, దాన్నించి పర్మాంగనేట్ చుక్క చుక్కగా వదులుతాం. మొదటి చుక్కలు మొండికేస్తాయి. ఊదా రంగు అలాగే నిలబడితే చర్య అయిపోయిందనుకుని పిల్లలు "సార్, వచ్చీసింది" అని కేకలు. ఆగి తిప్పమంటాను. పర్మాంగనేట్ నుంచి కాస్త మాంగనస్ అయాన్ తయారైతే అదే చర్యని తొందరపెట్టే ఉత్ప్రేరకమై, తర్వాత చుక్క పడ్డం తరువాయి, రంగు మాయం. సన్నటి బుడగలు కూడా వస్తాయి, అది ఆక్సిజన్. లేత గులాబీ అర నిమిషం నిలబడితే ఆపెయ్యాలి. ద్రావణం గోధుమ రంగుకి తిరిగితే మాత్రం ఆమ్లం చాల్లేదని. బ్యూరెట్‌లో రంగు చిక్కగా ఉంటుంది, పై అంచు దగ్గరే చదవాలి.

యాంకర్: హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే?

మాస్టారు: పర్మాంగనేట్ దానిలోంచి క్లోరిన్ తీసేస్తుంది. రీడింగ్ పెరిగిపోతుంది.

యాంకర్: లెక్క చెప్పండి, భయపెట్టకుండా.

మాస్టారు: మోల్ అంటే పదార్థంలో కణాల్ని లెక్కపెట్టే కొలత, లీటరులో ఎన్ని మోల్స్ ఉంటే అన్ని మోలార్. 0.02 మోలార్ పర్మాంగనేట్ 25 మి.లీ. పట్టిందనుకో. రెండు మోల్స్ పర్మాంగనేట్‌కి అయిదు మోల్స్ పెరాక్సైడ్. అంటే పలచన చేసినది 0.0625 మోలార్, సీసాలోది దానికి 25 రెట్లు, 1.56. దాన్ని 11.2తో గుణిస్తే పదిహేడున్నర వాల్యూమ్.

యాంకర్: ఈ 11.2 ఎక్కడిది?

మాస్టారు: రెండు మోల్స్ పెరాక్సైడ్‌కి ఒక మోల్ ఆక్సిజన్, 22.4 లీటర్లు. ఒక మోల్‌కి అందులో సగం.

యాంకర్: అయితే షాపాయన్ని నిలదీయొచ్చన్నమాట!

మాస్టారు: తొందరపడకమ్మా. సీల్ తియ్యని సీసా ఇంకోటి తెచ్చి, అదే రోజు, అదే పర్మాంగనేట్‌తో చూడాలి. పర్మాంగనేట్ బలం కూడా ముందు ఆక్జాలిక్‌తో తేల్చుకోవాలి, అది నిలవ ఉంటే మారుతుంది. ఇంకోటి, కొన్ని సీసాల్లో పాడవకుండా ఎసిటనిలైడ్ కలుపుతారు. అదీ పర్మాంగనేట్‌ని కొంత తినేస్తుంది కాబట్టి ఫలితం ఎక్కువ వస్తుంది. అలాంటప్పుడు పొటాషియం అయొడైడ్ వేసి, వచ్చిన అయొడిన్‌ని హైపోతో, అంటే సోడియం థయోసల్ఫేట్‌తో, కొలవడం మేలు.