కారుకు తెలియని వంతెన
(రహదారి భద్రత మాసం సందర్భంగా తిరుపతిలో జరిగిన టాక్సీ డ్రైవర్ల సభలో ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న రవాణా, పోలీసు శాఖల అధికారులకు, ఎదురుగా కూర్చున్న డ్రైవర్ సోదరులకు, హాజరు కోసం వెనక వరుసలు నింపిన ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చెప్పి నమస్కరించడం పద్ధతి. నాకు ముందు మాట్లాడిన వాళ్ళందరూ ఆ పద్ధతిని పూర్తిగా పాటించారు కాబట్టి ఆ సమయం నేను వాడుకుంటాను.

నన్ను పరిచయం చేస్తూ అధ్యక్షుల వారు మ్యాపుల నిపుణుడిని అన్నారు. కాదండీ. రోడ్లు వేసే ఒక ప్రభుత్వ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయినవాణ్ణి. చిత్తూరు జిల్లాలో కంకరా తారూ మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. హెల్మెట్టు గురించి, సీటు బెల్టు గురించి చెప్పమని కాగితం మీద రాసి ఇచ్చారు. పెట్టుకోండి, రెండూ తప్పకుండా పెట్టుకోండి. ఆ అంశం అయిపోయింది. ఇప్పుడు కారులో స్టీరింగు పక్కన ఉండే తెర గురించి మాట్లాడతాను. ఫోను కాదు, కారుతోపాటు కంపెనీవాళ్ళే బిగించి ఇచ్చే తెర.

మా ఊరి వంక మీద ఒక వంతెన ఉంది. ఆ వంతెన నేను కట్టించాను. పాత చప్టా మీద ఏటా వానాకాలంలో నీళ్ళు పారేవి, బస్సు ఆగిపోయేది, కాన్పుకు వెళ్ళే ఆడవాళ్ళను మంచం మీద మోసుకుని దాటించేవాళ్ళు. చప్టాకు కొంచెం దిగువన, చింతతోపు అవతల, ఎత్తుగా వంతెన వేశాం. దాని సంగతికి మళ్ళీ వస్తాను. ముందు మీకు యంత్రం సంగతి తెలియాలి.

కారులో దారి చూపించాలన్న కోరిక కొత్తది కాదు. 1981లోనే జపానులో హోండావాళ్ళు పారదర్శకమైన ఫిల్ము మీద మ్యాపు అచ్చువేసి తెర ముందు పెట్టారు. ఆ ఫిల్ము దాటి పోతే చేత్తో ఇంకో ఫిల్ము మార్చుకోవాలి. 1985లో అమెరికాలో ఎటాక్ అనే కంపెనీ మ్యాపులను క్యాసెట్లలోకి ఎక్కించింది. మనం పాటలు వినే క్యాసెట్లాంటిదే. ఒక్క లాస్ ఏంజెలెస్ ప్రాంతానికే ఒకటి చాలేది కాదు. అప్పటికి కార్లకు జీపీఎస్ లేదు. చక్రం ఎంత తిరిగింది, దిక్సూచి ఎటు చూపిస్తోంది అని లెక్కవేసి, ఆ లెక్కను మ్యాపులోని రోడ్డుతో సరిపోల్చి, కారు ఫలానా రోడ్డు మీద ఉందని తేల్చేది.

ఈ సరిపోల్చడం అనే మాట గుర్తుంచుకోండి. నేటికీ కారు చేసే పని అదే. ఉపగ్రహం చెప్పే స్థానంలో కొన్ని మీటర్ల తేడా ఉండవచ్చు. బాణం పొలంలో కనిపిస్తే బాగుండదని, కారు దాన్ని దగ్గరలో ఉన్న రోడ్డు మీదికి లాగి పెడుతుంది. తనకు తెలిసిన రోడ్డు మీదికి. తెలియని రోడ్డు దాని దృష్టిలో భూమి మీద లేదు.

మీలో చాలామంది దారి తప్పగానే శాటిలైట్ తప్పు చూపించిందంటారు. పాపం, శాటిలైట్‌కు ఏ పాపమూ తెలియదు. మన దేశపు నావిక్ ఉపగ్రహాలు ఎగిరింది శ్రీహరికోట నుంచి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట మనతో కలిసింది కాబట్టి అది ఇప్పుడు మన తిరుపతి జిల్లానే. 2013 జులైలో మొదటిది, 2023 మేలో కొత్త తరంలో మొదటిదైన ఎన్‌వీఎస్-01 అక్కడి నుంచే వెళ్ళాయి. ఆకాశం నుంచి అవి చెప్పేది మీరు ఎక్కడున్నారో లెక్కకట్టడానికి కావలసిన కాలమూ, వాటి స్థానమూ మాత్రమే. అక్కడ రోడ్డుందా, చప్టా ఉందా, అది ఒకవైపు రోడ్డా అన్నది వాటి పని కాదు. అది మ్యాపు పని. మ్యాపు మనుషులు చేసేది. మనుషులు చెప్పకపోతే దానికి తెలియదు.

తిరుపతిలోనే చూడండి. గరుడ వారధి అని ఫ్లైఓవర్ పని మొదలుపెట్టారు. 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు అని ప్రారంభించారు. 2024 నవంబరులో దేవస్థానం పాలకమండలి మళ్ళీ గరుడ వారధి అనాలని తీర్మానించింది. మీరు ఏ పేరైనా పిలవండి, నాకు అభ్యంతరం లేదు. 2022లో కొని మ్యాపు మార్చని కారుకు మాత్రం ఆ రెండు పేర్లూ తెలియవు. మీరు పైన వెళుతుంటే అది కింద సిగ్నల్ దగ్గర ఉన్నట్టు చూపిస్తుంది, కుడికి తిరగమంటుంది. ఎక్కడికి తిరగాలి, పిట్టగోడ మీదినుంచా?

ఘాట్ రోడ్ల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మొదటిది 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఇప్పుడు రెండోదాంట్లో ఎక్కుతాం, మొదటిదాంట్లో దిగుతాం. మ్యాపులో ఇది గీత కాదు, గీత పక్కన రాసుకునే చిన్న వివరం. ఆ వివరం తప్పితే గీత ఎంత అందంగా ఉన్నా ప్రమాదమే. 2021 డిసెంబరులో కొండచరియలు విరిగి ఎక్కే రోడ్డు దెబ్బతిన్నప్పుడు దిగే రోడ్డులోనే వాహనాలను పైకి కూడా పంపారు. ఆ రోజుల్లో ఏ కారు తెర ఆ మాట చెప్పింది? మీలో కొండకు బండి నడిపినవాళ్ళు చేతులెత్తండి. చూశారా, ఇన్ని చేతులు! ఆ వారం దారి చూపించింది ఈ చేతులే, తెర కాదు.

జాతీయ రహదారుల నంబర్లు కూడా మారాయి, పాత మ్యాపుకు అవీ తెలియవు. కర్నూలు నుంచి చిత్తూరుకు 18వ నంబరు పోయి 40 వచ్చింది. చిత్తూరు నుంచి పలమనేరు, ములబాగలు వెళ్ళే పాత 4వ నంబరు ఇప్పుడు 69. మా వయసువాళ్ళం ఇంకా పాత నంబర్లే అంటాం, అది వేరే సంగతి.

అధ్యక్షుల వారు చీటీ పంపారు. సమయం దగ్గరపడిందట. వంతెన సంగతి చెప్పకుండా దిగను.

మా తమ్ముడి కూతురి పెళ్ళి. శ్రావణ మాసం, మా ఊరిలోనే, ఇంటి ముందు పందిరి. పెళ్ళికొడుకు మేనమామ బెంగళూరు నుంచి కొత్త కారులో బయలుదేరాడు. ఖరీదైన కారు. మంగళసూత్రాలు ఆయన భార్య చేతిసంచిలో ఉన్నాయి. కోలారు, పలమనేరు, మొగిలి ఘాటు అన్నీ దాటి చక్కగా వచ్చారు. రహదారి వదిలి మా ఊరి దారి పట్టగానే కారు ఎడమకు దిగమంది. కుడివైపు నల్లగా మెరుస్తున్న అప్రోచ్ రోడ్డు కళ్ళెదుట ఉంది. పక్కన మేకలు కాసుకుంటున్న ముసలాయన, సామీ, వంతెన ఇటు అని చెయ్యి చూపించాడట. ఈయన అద్దం దించి, కారుకు తెలుసులే తాతా, అన్నాడట.

పాత చప్టా దగ్గరికి వెళ్ళేసరికి మోకాలి లోతు నీళ్ళు. అక్కడి నుంచి నాకు ఫోను చేశాడు. ఏమడిగాడో తెలుసా? "బావగారూ, మీరు ఇంజనీరు అంటిరి, మీ ఊరికి వంతెన కూడా లేదా?"

ఆ మాట నాతో అన్నాడు! వంతెన కట్టించిన నాతో! ఆ వంతెన పిల్లర్ల గుంటలో నీళ్ళు ఊరితే రాత్రి మోటార్లు పెట్టించి తోడించాను. శ్లాబు పోసిన రోజు తెల్లవార్లూ అక్కడే కూర్చున్నాను. అది ప్రారంభమై అప్పటికి ఏళ్ళు గడిచాయి. పందిట్లో పురోహితుల వారు రెండుసార్లు చదివిన మంత్రమే మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి మా ఊరి కుర్రవాడు మోపెడ్డు మీద వెళ్ళి ఆ చేతిసంచి తెచ్చాడు. ముహూర్తం దక్కింది. ఆ పెద్దమనిషి కారు వెనక్కి తిప్పుకుని భోజనాల వేళకు వచ్చాడు. వచ్చి కూడా, కారు అబద్ధం చెప్పదు బావగారూ, దానికి లక్షలు పోశాను, అన్నాడు.

మర్నాడు పట్టుబట్టి ఆయన కారులో ముందు సీటులో కూర్చుని వంతెన మీదికి తీసుకుపోయాను. కిందంతా గట్టి కాంక్రీటు. తెర మీద మా బాణం వంక మధ్యలో ఈదుతోంది. కాసేపటికి అది ఎగిరి చప్టా మీద వాలింది. ఇందాక చెప్పాను కదా, దగ్గరలో తెలిసిన రోడ్డు మీదికి లాగుతుందని. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు మొదలైంది నా విచారణ. మా మేనల్లుడికి అలాంటి తెరే ఉన్న కారుంటే దాన్ని ఒక షోరూముకు తీసుకుపోయాను. మ్యాపు ఎప్పటిది అని అడిగాను. కొత్త వెర్షనే సార్ అన్నాడు అబ్బాయి. ఏ నెలది? ఏ ఏడాదిది? తెలియదు. వెర్షనుకు నంబరు ఉంది, తేదీ లేదు. పోయిన ఏటి పంచాంగం చూసి ఎవరైనా ముహూర్తం పెడతారా? మ్యాపుకు మాత్రం సంవత్సరం అడగం. ఉచితంగా మార్చే గడువు ముగిసింది, ఇకపై డబ్బు కట్టాలన్నారు. సరే, కడతాను, అందులో మా వంతెన ఉందా అంటే, కట్టి చూస్తే తెలుస్తుంది సార్ అన్నాడు.

అసలు మెలిక ఇక్కడుంది. కారు కంపెనీలు సాధారణంగా మ్యాపు సొంతంగా తయారుచేయవు. హియర్, టామ్‌టామ్ లాంటి సంస్థల దగ్గర, మన దేశంలో 1995లో మొదలైన మ్యాప్‌మైఇండియా లాంటి వాళ్ళ దగ్గర తీసుకుంటాయి. మ్యాపు విలువ ఎంతంటే, 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ మూడూ కలిసి నోకియా నుంచి హియర్‌ను 280 కోట్ల యూరోలకు కొన్నాయి. అలా వచ్చిన సమాచారాన్ని కారు కంప్యూటర్‌కు అర్థమయ్యే రూపంలోకి కుదించాలి, ఒక్కో మోడల్‌లో పరీక్షించాలి, ఆ తర్వాత విడుదల చేయాలి. ఇందులో నెలలు గడుస్తాయి. అంటే కొత్త కారు కొన్న రోజుకే అందులోని మ్యాపు పాతది. ఫోనులో మ్యాపు ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి వస్తుంది, అక్కడ మారిస్తే అందరికీ మారుతుంది. కారులోనిది కారులోనే నిల్వ ఉంటుంది. మొగిలి ఘాటులో సిగ్నల్ పోయినా పనిచేయడం దాని గొప్పతనం. మీరు మార్చేదాకా మారకపోవడం దాని జబ్బు.

కొన్ని కార్లు సిమ్ము ద్వారా తామే మార్చుకుంటాయి. ఆ చందా గడువు తీరితే అవీ ఆగిపోతాయి. పెన్‌డ్రైవ్‌తోనో ఎస్‌డీ కార్డుతోనో మార్చేవి ఉన్నాయి. చౌకగా దొరికిందని బజారు కార్డు పెట్టకండి. చాలా కార్లలో ఆ కార్డు ఆ ఒక్క బండికే ముడిపడి ఉంటుంది. మార్చడం మొదలుపెట్టాక మధ్యలో ఇంజను ఆపి టీకి వెళ్ళకండి.

ఫోను ఉందిగా, ఈ తెర ఎవరికి కావాలి అంటున్నారు ముందు వరుసలో. చెబుతాను. ఐరోపాలో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారూ వేగ పరిమితిని గుర్తించి డ్రైవరును హెచ్చరించాలి. కెమెరాతోనైనా, మ్యాపుతోనైనా, రెండింటితోనైనా గుర్తించవచ్చు. దారిలో ఎక్కడ ఛార్జి చేసుకోవాలో విద్యుత్ కారు మ్యాపు చూసే లెక్క వేస్తుంది. రేపు మీరు నడపబోయే బండి మ్యాపు చూసి తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు ఫోను జేబులో ఉండి ఏం లాభం?

అయినా ఫోనుకు మాత్రం అన్నీ తెలుసా? 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ముగ్గురు ఫోను చూపిన దారిలో రాంగంగా నది వంతెన ఎక్కారు. అంతకుముందు వరదల్లో ఆ వంతెన కొన కొట్టుకుపోయింది. మ్యాపులో వంతెన పూర్తిగానే ఉంది. రోడ్డుకు అడ్డంగా కంచె కూడా లేదు. ముగ్గురూ పోయారు. మా ఊరిలో ఉన్న వంతెన మ్యాపులో లేదు, ముహూర్తం తప్పబోయింది. అక్కడ లేని వంతెన మ్యాపులో ఉంది. రెండు చోట్లా జరిగింది ఒకటే: ఎవరూ చెప్పలేదు.

వేదిక మీదున్న అధికారులను అడుగుతున్నాను. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పని పూర్తయిందని రాసిన కాగితాల్లో సిమెంటు ఎంత, ఇనుము ఎంత, బిల్లు ఎంత అని గడులుండేవి. ఈ రోడ్డు తెరిచామని మ్యాపులు చేసేవాళ్ళకు తెలియజేశారా అన్న గడి ఒక్కదాంట్లోనూ లేదు. కొబ్బరికాయ కొట్టడానికి మనిషి ఉన్నాడు, రిబ్బను కత్తిరించడానికి మనిషి ఉన్నాడు, చెప్పడానికి మనిషి లేడు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సడలించి, ముందస్తు అనుమతి లేకుండానే మన సంస్థలు మ్యాపులు తయారుచేసుకోవచ్చని చెప్పింది. ఇక అడ్డు ఏమిటి? ఒక్క గడి పెట్టండి. వరదలో రోడ్డు తెగితే అదే రోజు చెప్పే బాధ్యత ఒక్కరికి పేరు పెట్టి అప్పగించండి. 2021 నవంబరు వరదలు మరిచిపోయారా? స్వర్ణముఖి పొంగినప్పుడు ఎన్ని దారులు తెగాయి?

పిల్లలూ, ఫోన్లు పక్కన పెట్టండి. కాదు, తియ్యండి, అదే మంచిది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని 2004లో మొదలైంది ఒకటుంది. ఎవరైనా గీయవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. మీ ఊరి దారి అందులో ఉందో లేదో ఈ రాత్రికి చూడండి.

డ్రైవర్ సోదరులారా, మీ కారు తెరలో సెట్టింగుల అడుగున మ్యాపు ఎవరిదో, ఏ వెర్షనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. తప్పు కనిపిస్తే షోరూములో గొడవపడకండి, వాళ్ళ చేతిలో ఏమీ లేదు. మ్యాపు తయారుచేసిన సంస్థకే పంపండి. ఆ సంస్థలు మనలాంటి వాళ్ళు పంపే సవరణలు తీసుకుంటాయి. కారుకు చేరడానికి సమయం పడుతుంది, కానీ పంపనిది ఎప్పటికీ చేరదు.

రెండో చీటీ కూడా వచ్చింది. గుమ్మం పక్కన బల్ల మీద తెల్లకాగితాలు పెట్టించాను. మీ తెరలో లేని రోడ్డు, ఉండకూడని రోడ్డు, ఒకవైపు అయిన రోడ్డు, ఏదైనా సరే, గుర్తులతో రాసి ఇవ్వండి. నేనూ మా మేనల్లుడూ కూర్చుని ఒక్కొక్కటీ పంపుతాం. మొదటి కాగితం మీద మా వంతెన ఇప్పటికే రాసేశాను, ఎవరూ మళ్ళీ రాయవద్దు. టిఫిను కూడా ఆ బల్ల పక్కనే ఉందట, కాగితం నింపినవాళ్ళకు ముందు పెట్టమని నిర్వాహకులను కోరుతున్నాను.