కొత్త ల్యాప్‌టాప్‌లో ఏది ఉండాలి, ఏది పోవాలి

(ఇంజినీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

కొత్త ల్యాప్‌టాప్ మోడల్ వచ్చిన ప్రతిసారీ అదే తగవు మొదలవుతుంది. ఆ పోర్టు ఎందుకు తీసేశారు, ఈ మీట ఎందుకు మార్చారు, ఇంత పలచగా ఎవరు చేయమన్నారు అని ఒక వర్గం అడుగుతుంది. పాతవన్నీ మోస్తూ కూర్చుంటే కొత్తది ఎప్పుడు వస్తుందని మరో వర్గం అడుగుతుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఈ తగవులో దిగే ముందు మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటుందని నా నమ్మకం: కంపెనీ తీసేసిన దాన్ని, కొన్న మనిషి తర్వాత సొంతంగా తెచ్చుకోగలడా? తెచ్చుకోగలిగితే అది చిన్న తగవు. తెచ్చుకోలేకపోతే పెద్ద తగవు. చిన్నదాని మీద గొంతు చించుకుంటూ పెద్దదాన్ని వదిలేస్తున్నామన్నదే నా బాధ.

తీసేయడం తనంతట తాను తప్పు కాదు. 1998లో ఆపిల్ ఐమ్యాక్‌లో ఫ్లాపీ డ్రైవు తీసేస్తే జనం ఆశ్చర్యపోయారు. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీసినప్పుడు అందులో సీడీ డ్రైవు లేదు, నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు లేదు, యూఎస్‌బీ పోర్టు ఒక్కటే ఉంది. దాని మీద చాలా గోల జరిగింది. ఈ రోజు మీలో సీడీ డ్రైవు లేదని బాధపడేవారు ఉండరు. కావలసినవారు బయటినుంచి ఒకటి తగిలించుకుంటారు. అదే యంత్రంలో ఇంకో రెండు మార్పులు కూడా జరిగాయి. నడుస్తున్న పనుల సమాచారాన్ని పట్టి ఉంచే ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకం వేసేశారు. బ్యాటరీని వాడుకునేవాడు ఊడదీసే వీలు లేకుండా లోపల పెట్టేశారు. సీడీ డ్రైవు లోటు కాలంతో మాసిపోయింది. ఈ రెండూ మాత్రం ఇతర కంపెనీలకు కూడా పాకి, ఇప్పుడు మామూలు పద్ధతి అయిపోయాయి.

పోర్టుల కథకు 2016 మ్యాక్‌బుక్ ప్రో మంచి ఉదాహరణ. ప్రొజెక్టరుకో టీవీకో కలిపే హెచ్‌డీఎంఐ పోయింది, కెమెరా ఎస్‌డీ కార్డు పెట్టే స్లాటు పోయింది, మ్యాగ్‌సేఫ్ చార్జరు పోయింది. ఎవరి కాలైనా తీగకు తగిలితే యంత్రాన్ని కిందికి లాగకుండా తనే ఊడిపోయే అయస్కాంతపు చార్జరు అది. ఎస్కేప్ మీటతో సహా పైనుండే ఫంక్షన్ మీటల వరుస స్థానంలో టచ్ బార్ అనే సన్నని తెరను పెట్టారు. ఫొటోగ్రాఫర్లు తిట్టుకుంటూనే అడాప్టర్లు కొనుక్కున్నారు. ఎస్కేప్ మీటకు అడాప్టరు ఎక్కడ దొరుకుతుంది? విమ్ లాంటి ఎడిటర్‌లో ప్రోగ్రాం రాసేవారు ఆ మీటను కళ్లతో చూడరు, వేలే వెళ్లి నొక్కుతుంది. అక్కడ నున్నటి గాజు ఉంటే, నొక్కుడు పడిందో లేదో వేలికి తెలియదు. 2019లో 16 అంగుళాల మోడల్‌తో ఎస్కేప్ మీట తిరిగొచ్చింది. 2021 అక్టోబరులో హెచ్‌డీఎంఐ, కార్డు స్లాటు, మ్యాగ్‌సేఫ్, నిజమైన ఫంక్షన్ మీటలు అన్నీ తిరిగొచ్చాయి. ఒక పెద్ద కంపెనీ తన నిర్ణయాన్ని ఇంత బాహాటంగా వెనక్కి తీసుకోవడం నాకు గౌరవంగానే కనిపిస్తుంది.

ఆ కాలంలోనే ఆపిల్ వాడిన బటర్‌ఫ్లై కీబోర్డు నాకు మరింత ముఖ్యమైన ఉదాహరణ. పలచదనం కోసం మీటల కింది యంత్రాంగాన్ని కుదించారు. చిన్న ధూళి కణం దూరితే మీట బిగుసుకుపోయేది, లేదా ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడేవి. ఇక్కడితో ఆగితే అది డిజైన్ లోపం, అంతే. కానీ ఆ కీబోర్డును పైభాగపు లోహపు పలకకు బిగించేశారు, బ్యాటరీని కూడా అదే పలకకు అంటించారు. ఒక్క మీట మరమ్మతుకు కీబోర్డు, పలక, బ్యాటరీ కలిపి మొత్తం మార్చవలసి వచ్చేది. అమెరికాలో వాడకందారులు కోర్టుకు వెళ్తే, 2022లో 5 కోట్ల డాలర్లు చెల్లించడానికి కంపెనీ ఒప్పుకుంది. ఆ కీబోర్డును నాలుగు స్క్రూలతో విప్పి మార్చే వీలుండి ఉంటే ఆ కేసు అంత దూరం వెళ్లేది కాదని నా అభిప్రాయం.

వాడకందారులనే అడిగి ల్యాప్‌టాప్ చేస్తే ఎలా ఉంటుంది? అదీ జరిగింది. థింక్‌ప్యాడ్ 1992లో ఐబీఎం తెచ్చిన పేరు, 2005లో లెనోవో చేతికి వచ్చింది. 2012లో దాని ఏడు వరుసల కీబోర్డు తీసేసి ఆరు వరుసలది పెట్టారు. ఒక వరుసే కదా అనిపించవచ్చు. పాత కీబోర్డులో కుడివైపు పైమూలన ఇన్సర్ట్, హోం, పేజ్ అప్, వాటి కింద డిలీట్, ఎండ్, పేజ్ డౌన్ గుత్తిగా ఉండేవి, డెస్క్‌టాప్ కీబోర్డులో ఉన్నట్టే. ఫంక్షన్ మీటలు నాలుగేసి చొప్పున విడివిడిగా, మధ్యలో ఖాళీతో ఉండేవి. ఆ ఖాళీని తడిమి వేలు ఎఫ్5 ఎక్కడుందో పట్టేది. రోజంతా రాసేవారికి, కోడ్ దిద్దేవారికి ఆ అమరికే పనిముట్టు.

2015లో లెనోవో డిజైన్ విభాగం అధిపతి డేవిడ్ హిల్ పాత తరహా థింక్‌ప్యాడ్ తెస్తే ఎలా ఉంటుందని బహిరంగంగా అడిగి, వరుసగా సర్వేలు పెట్టారు. ఏ కీబోర్డు, ఏ తెర, ఏ పోర్టులు, ఎంత మందం, ఏ రంగు మీటలు అని ప్రతిదానిమీదా అభిప్రాయాలు తీసుకున్నారు. 2017 అక్టోబరులో థింక్‌ప్యాడ్ 25 వచ్చింది. ఏడు వరుసల కీబోర్డు వచ్చింది, నీలిరంగు ఎంటర్ మీట వచ్చింది, వెనకనుంచి ఊడదీసుకునే బ్యాటరీ ఉంది. రాత్రిపూట మూతపైనుంచి కీబోర్డు మీద వెలుగు పడేలా ఉండే థింక్‌లైట్ రాలేదు. ఎత్తు ఎక్కువగా ఉండే తెర కూడా రాలేదు, అప్పట్లో అందరికీ ఉన్న, వెడల్పు ఎత్తుల నిష్పత్తి 16:9 గల తెరే వచ్చింది. ఇందులో మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. ల్యాప్‌టాప్ కంపెనీ తెరను తానే తయారు చేయదు, ప్యానెల్ ఫ్యాక్టరీల దగ్గర కొంటుంది. ఆ ఫ్యాక్టరీలు అప్పటికి టీవీల నిష్పత్తికే సర్దుకున్నాయి. వాడకందారుల కోరిక ఎంత న్యాయమైనా, విడిభాగం చేసే ఫ్యాక్టరీ లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది. 2020 తర్వాత 16:10, 3:2 తెరలు మళ్లీ విరివిగా వచ్చాయి. పత్రాలు చదివేవారికి, కోడ్ రాసేవారికి నిలువున ఇంకో నాలుగు వరుసలు కనిపించడం ఎంత మేలో వాడినవారికి తెలుసు.

సర్వేలతో ఇంకో చిక్కుంది. ఎక్కువమంది వాడని దాన్ని తీసేయమని లెక్కలు చెబుతాయి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన ఏఐ సహాయకుడిని తెరిచే కోపైలట్ మీటను ప్రకటించింది. చాలా ల్యాప్‌టాప్‌లలో అది కుడివైపు కంట్రోల్ మీట స్థానాన్నో, మెనూ మీట స్థానాన్నో ఆక్రమించింది. మెనూ మీట అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు, మౌస్‌తో రైట్ క్లిక్ చేస్తే వచ్చే జాబితాను అది తెరుస్తుంది. చూపులేని వారు తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ, జాస్ వంటి స్క్రీన్ రీడర్లతో పనిచేసేటప్పుడు మౌస్ వాడరు, వారికి ఆ మీటే రైట్ క్లిక్. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కినా అదే పని జరుగుతుంది కదా అంటారు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్10 పనిచేయాలంటే ఎఫ్ఎన్ మీట కూడా నొక్కిపట్టాలి. ఒక వేలితో అయ్యే పనికి మూడు వేళ్లు కావలసి వచ్చింది, అదీ రోజుకు లెక్కలేనన్ని సార్లు. వాడేవారి సంఖ్య తక్కువని లెక్క తేల్చేముందు, ఆ కొద్దిమందికి వేరే దారి ఉందా అని అడిగి తీరాలి.

ఇప్పుడు పెద్ద తగవుకు వస్తాను. ర్యామ్‌ను టంకం వేయడానికి ఇంజినీర్లు చెప్పే కారణం నిజమైనదే. తక్కువ కరెంటుతో ఎక్కువ వేగంగా నడిచే ఎల్‌పీడీడీఆర్ చిప్‌లు ప్రాసెసర్‌కు చాలా దగ్గరగా, పొట్టి దారులతో ఉండాలి. పాత స్లాటు ఆ వేగాన్ని మోయలేదు. మరమ్మతు సౌలభ్యాన్నే తన వ్యాపారంగా పెట్టుకున్న ఫ్రేమ్‌వర్క్ కంపెనీ సైతం 2025లో తెచ్చిన డెస్క్‌టాప్‌లో ర్యామ్‌ను టంకం వేయక తప్పలేదు. అయితే సమస్యను ఇంజినీర్లు ఒప్పుకున్నాక పరిష్కారం కూడా వెతికారు. 2023 డిసెంబరులో క్యామ్2 అనే ప్రమాణం వెలువడింది. అందులో ర్యామ్ పలకను బోర్డు మీద పడుకోబెట్టి స్క్రూలతో బిగిస్తారు. 2024లో అలాంటి ర్యామ్‌తో థింక్‌ప్యాడ్ పీ1 అమ్మకానికి వచ్చింది. కావాలనుకుంటే దారి ఉంటుందనడానికి ఇది రుజువు.

ఇది మన విద్యార్థులకు ఎంత అవసరమో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే పార్క్‌లేన్‌లో, సీటీసీలో ఒక సాయంత్రం నిలబడితే తెలుస్తుంది. కంపెనీలు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌ను తక్కువ ధరకు కొని, ఖాళీ స్లాటులో ఇంకో ర్యామ్ వేయించి, పాత హార్డ్ డిస్కు తీసి దానికన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెట్టించుకుని, దాంతోనే చదువు ముగించిన పిల్లలు ఎందరో ఉన్నారు. ర్యామ్ టంకం వేసిన యంత్రాలే ఆ బల్లల మీదికి వస్తున్న కొద్దీ ఈ వెసులుబాటు తగ్గిపోతుంది. కొన్న రోజు 8 జీబీ ఉంటే చివరి రోజు వరకూ 8 జీబీయే.

బ్యాటరీని జిగురుతో అంటించడానికి మాత్రం నాకు ఒప్పుకోదగ్గ కారణం కనిపించదు. లిథియం బ్యాటరీ ఏ యంత్రంలోనైనా అరిగిపోయే వస్తువు. వేడిలో, అందులోనూ పూర్తిగా చార్జి చేసి ఉంచితే, ఇంకా త్వరగా అరుగుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో రోజంతా చార్జరుకు తగిలించి ఉంచిన ల్యాప్‌టాప్ సంగతి ఆలోచించండి. బ్యాటరీ ఉబ్బితే మొదట టచ్‌ప్యాడ్ దగ్గర తెలుస్తుంది. ఒక మూల కొంచెం పైకి లేస్తుంది, క్లిక్ గట్టిగా పడదు, మూత సరిగా మూసుకోదు. అలా కనిపిస్తే వెంటనే వాడకం ఆపి మార్పించాలి. స్క్రూలతో బిగించినదైతే అది పది నిమిషాల పని. జిగురుతో అంటించినదైతే, ఉబ్బిన బ్యాటరీని పెకలించాలి. అది చేసే కుర్రాడి చేతికి ప్రమాదం. నాకు అన్నింటికన్నా కోపం తెప్పించేది ఇదే.

ఫ్రాన్స్‌లో 2021 నుంచి ల్యాప్‌టాప్ అమ్మేచోట ధర పక్కన, దాన్ని బాగుచేయడం ఎంత సులువో చెప్పే మరమ్మతు సూచీ కూడా చూపాలి. యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి వెంట తీసుకెళ్లే పరికరాల్లో బ్యాటరీలు వాడుకునేవారే మార్చుకునేలా ఉండాలన్న నిబంధన అమలులోకి వస్తుంది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. మన పెట్టెల మీద కూడా అలాంటి సూచీ ముద్రించాలని మనం అడగాలి.

ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నదానిలో నా ఎంపిక కూడా చెబుతాను. నెట్‌వర్క్ కేబుల్ పోర్టు పోయినా సర్దుకోవచ్చు. మన తరగతి గదుల్లో ప్రొజెక్టర్లు ఉన్నంతకాలం హెచ్‌డీఎంఐ ఉండాలి. హెడ్‌ఫోన్ రంధ్రం, కెమెరా మూత ఉండాలి. స్పర్శతో పనిచేసే ఫంక్షన్ పట్టీలు వద్దు. బ్యాటరీకి స్క్రూలు, ఎస్ఎస్‌డీకి స్లాటు లేని యంత్రాన్ని, ఎంత అందంగా ఉన్నా, నేను ఎవరికీ కొనమని చెప్పను.

మీరు కొనేముందు ఆ మోడల్ పేరుతో సర్వీస్ మాన్యువల్ వెతకండి. పెద్ద కంపెనీలు చాలావరకు వాటిని అందరికీ అందుబాటులో ఉంచుతున్నాయి. బ్యాటరీ తీసే పేజీ తెరిచి, ముందుగా ఎన్ని భాగాలు విప్పమంటున్నారో చూడండి. ర్యామ్ పేరు విడిభాగాల జాబితాలో విడిగా ఉందా, మదర్‌బోర్డుతో కలిపి ఉందా చూడండి. రేపు మీలో కొందరు ఈ యంత్రాలు డిజైన్ చేసే ఉద్యోగాల్లోనే చేరతారు, అప్పుడు ఆ పేజీ రాసేది మీరే. ఇక మీ ప్రశ్నలు అడగండి. ముఖ్యంగా నాతో ఏకీభవించనివారు ముందు మాట్లాడాలని కోరుతున్నాను.