పిల్లల్లో క్షయ: గుర్తించడంలో ఎందుకింత ఆలస్యం?

దృశ్యం: అంగన్‌వాడీ కేంద్రం. తల్లి చేతిలోని ఎదుగుదల కార్డులో బరువు గీత దగ్గరగా కనిపిస్తుంది.

వ్యాఖ్యానం: ఈ గీతను చూడండి. ఏడాది నిండే వరకు పైకి పోయిన గీత, ఆ తర్వాత మూడు నెలలుగా అడ్డంగా సాగింది. ఈ బిడ్డకు రెండు వారాలు దాటినా తగ్గని దగ్గో జ్వరమో కూడా ఉంటే, క్షయను అనుమానించి తీరాలి. అయితే ఆసుపత్రిలో తల్లి దగ్గు గురించే చెబుతుంది, కార్డు ఇంట్లోనే ఉండిపోతుంది. సిరప్ మారుతుంది, డాక్టరు మారతారు, నెలలు గడిచిపోతాయి. మధ్యలో లెవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ వాడితే, అది క్షయ క్రిమి మీద కూడా పనిచేస్తుంది కాబట్టి, బిడ్డ తేరుకున్నట్టే కనిపించి జబ్బు మరికొన్నాళ్లు మరుగున పడుతుంది.

దృశ్యం: ల్యాబ్‌లో తెమడ డబ్బా.

వ్యాఖ్యానం: పెద్దవారికి తెమడ పరీక్ష ఉంది. చిన్నపిల్లలు తెమడను ఉమ్మలేక మింగేస్తారు. పైగా అందులో క్రిములు తక్కువ. అందుకే తెల్లవారుజామున, పరగడుపున, ముక్కులోంచి సన్నని గొట్టం వేసి, రాత్రంతా మింగిన తెమడను కడుపులోంచి తీస్తారు. మలాన్ని కూడా క్షయ క్రిమి జన్యువును పట్టే పరీక్షకు పంపవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఇంత చేసినా క్రిమి దొరకకపోవచ్చు. అప్పుడు ఎక్స్‌రేను, లక్షణాలను, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా అన్న వివరాన్ని కలిపి చూసి వైద్యులు నిర్ణయం తీసుకోవాలి. ‘నెగెటివ్’ అన్న మాట దగ్గరే ఆగిపోవడం నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరం.

ఇక పేరు సంగతి. మన దగ్గర చాలామంది తల్లిదండ్రులకు ఈ జబ్బు ‘ప్రైమరీ కాంప్లెక్స్’గానే తెలుసు. అది క్షయేనని ఎవరూ విడమరచి చెప్పకపోతే, దగ్గు తగ్గగానే మందులు మానేస్తారు, ఇంట్లో దగ్గుతున్న తాతగారిని పరీక్షకు పంపరు.

దృశ్యం: తల్లి ఒడిలో మగతగా ఉన్న పసిబిడ్డ.

వ్యాఖ్యానం: రెండేళ్లలోపు పిల్లల్లో క్షయ మెదడు పొరలకు పాకే ముప్పు ఎక్కువ. బీసీజీ టీకా ఆ ముప్పును తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తొలగించదు. వాంతులు, మగత కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ తప్పాక మొదలుపెట్టిన చికిత్స ప్రాణం నిలిపినా చూపు, వినికిడి దెబ్బతినవచ్చు.

దృశ్యం: చెంచాడు నీటిలో కరుగుతున్న బిళ్ల.

వ్యాఖ్యానం: పిల్లల కోసం తయారైన ఈ బిళ్లలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. చికిత్స సాధారణంగా ఆరు నెలలు సాగుతుంది. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి ప్రతి నెలా బిడ్డను తూచాలి.

ఇంట్లో పెద్దవారికి క్షయ ఉందని తేలితే, ఐదేళ్లలోపు పిల్లలకు దగ్గు లేకపోయినా పరీక్ష చేయించి, జబ్బు లేదని నిర్ధారించుకున్నాక నివారణ మందు మొదలుపెట్టించాలి. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు ఆ ఎదుగుదల కార్డు బయటికి తీసి, ఈ మందు గురించి అడగండి.