మెంఫిస్‌లో ఆగకుండా మోగిన ఫోన్: ‘ది సివిల్ వార్’ చూసినవాళ్ల కథ

అందరికీ నమస్కారం అండీ. అమెరికా అంతర్యుద్ధం మీద కెన్ బర్న్స్ తీసిన ‘ది సివిల్ వార్’ డాక్యుమెంటరీ గురించి ఈ వీడియో. యుద్ధం కథ నేను చెప్పను, అది మీరే చూడొచ్చు. చూసిన జనానికి ఏమైందో, వాళ్లలో వాళ్లకి ఎందుకు పడలేదో, అది చెప్తాను. నాకు సిరీస్ కంటే అదే ఎక్కువ ఆసక్తి.

1990 సెప్టెంబర్ 23 నుంచి 27 దాకా వరసగా ఐదు రాత్రులు అమెరికాలోని పబ్లిక్ టీవీ పీబీఎస్‌లో వేశారు. తొమ్మిది భాగాలు, దాదాపు పదకొండు గంటలు. యుద్ధం జరిగింది 1861 నుంచి 1865 దాకా, బానిసత్వం ఉన్న దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతామంటే ఉత్తరాది వాళ్లతో. అప్పటికి సినిమా అన్నదే పుట్టలేదు. ఇక బర్న్స్ చేతిలో ఉన్నవి పాత ఫొటోలు, ఉత్తరాలు, డైరీలు. ఫొటో మీద కెమెరాని మెల్లగా జరుపుతూ, సైనికుడి మొహం దగ్గర కాసేపు ఆగి, వెనక గొంతులు చదువుతుంటే మనం వింటాం. ఇవాళ మన వీడియో ఎడిటింగ్ యాప్‌లలో పెళ్లి ఫొటో దానంతటదే నెమ్మదిగా దగ్గరికొస్తుంది చూడండి, ఆపిల్ వాళ్లు ఆ పద్ధతికి ఈయన పేరే పెట్టారు.

ఇలాంటిది ఎవరు చూస్తారండీ? దాదాపు నాలుగు కోట్ల మంది చూశారు. పీబీఎస్‌లో అప్పటిదాకా దేన్నీ అంతమంది చూడలేదు. ఇంకో సంగతి కూడా కలిసొచ్చింది. ఆ ఆగస్టులోనే ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది, అమెరికా సైనికులు సౌదీకి బయల్దేరుతున్నారు. కొడుకుని ఎడారికి పంపిన తల్లి ఆ వారం టీవీ ముందు కూర్చుంది.

ఆమెకి ఏం కనిపించింది? మొదటి భాగం చివర్లో ఒక ఉత్తరం. రాసినవాడు సలివన్ బలూ, ఉత్తరాది వైపు రోడ్ ఐలాండ్ సైన్యంలో మేజర్, ముప్పై రెండేళ్ల లాయరు. 1861 జులై 14న భార్య శారాకి రాశాడు. వారం తిరిగేసరికి బుల్ రన్ యుద్ధంలో ఫిరంగి గుండు తగిలింది, కొద్ది రోజులకే పోయాడు. ఆ ఉత్తరం పోస్టులో వెయ్యనే లేదు, అతని సామాన్లలో దొరికింది. నీ చెంపకి చల్లగాలి తగిలితే అది నా ఊపిరి అనుకో, నేను చనిపోయానని ఏడవకు, నీకోసం ఎదురుచూస్తున్నాననుకో, మళ్లీ కలుస్తాం. ఇదీ అందులోని మాటల సారం. వెనక ఒక ఫిడేలు మోగుతుంటుంది. ఆ చోట కళ్లు తడవకుండా చూసినవాళ్లు తక్కువ. నేనూ తడుపుకున్నవాణ్నే, దాచడం ఎందుకు.

ఆ ఫిడేలు వరస 1860లలోదని చాలామంది నమ్మారు. కాదండీ. న్యూయార్క్ రాష్ట్రంలో వేసవి సంగీత శిబిరం ముగిశాక, అందరూ వెళ్లిపోయిన బెంగతో జే అంగర్ అనే ఆయన 1982లో కట్టిన వరస అది. ఉత్తరం కూడా పూర్తిగా చదవలేదు. కొంత తగ్గించారు. చివర్లో పిల్లల గురించి, తల్లి గురించి రాసిన మాటలు వదిలేశారు. నేను దాన్ని తప్పు అనను, టీవీకి అది అవసరమే. కానీ ఒక్కటి గమనించండి. దేశం మీద ప్రేమ ఉంది, తాతల నాటి స్వాతంత్ర్య విప్లవం రుణం తీర్చుకోవాలన్న మాట ఉంది. బానిసత్వం అన్న మాట మాత్రం ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. కోట్లమంది గుండెల్లో నాటుకున్నది ఆ ఉత్తరమే.

ఇప్పుడు ఫోన్ సంగతికి వద్దాం. సిరీస్‌లో అందరికన్నా ఎక్కువగా కనిపించేది షెల్బీ ఫుట్. మిసిసిపీలో పుట్టి మెంఫిస్‌లో స్థిరపడ్డ నవలా రచయిత. ఇరవై ఏళ్లు కూర్చుని ఈ యుద్ధం మీద మూడు లావుపాటి సంపుటాలు రాశాడు. చరిత్రలో డిగ్రీలు చేసిన ప్రొఫెసర్ కాదు. గడ్డం, దక్షిణాది యాస, ఊరి పెద్దాయన అరుగు మీద కూర్చుని చెప్తున్నట్టు మాట. తెర మీదికి ఎనభై తొమ్మిది సార్లు వచ్చాడట. మెంఫిస్ ఫోన్ డైరెక్టరీలో ఆయన నంబరు ఉండేది. సిరీస్ వచ్చాక ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్లు చేసి కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టారు. మళ్లీ ప్రసారం చేసినప్పుడల్లా ఫోన్లు మళ్లీ పెరిగేవి. ఆయన నంబరు మాత్రం తీయించుకోలేదు. పుస్తకాలు కూడా విపరీతంగా అమ్ముడుపోయాయి.

బర్న్స్‌కి అయితే ఉత్తరాలు వచ్చాయి. డేవిడ్ గ్లాస్‌బర్గ్ అనే చరిత్రకారుడు వాటిని కూర్చుని చదివాడు, నాలుగు వందల పైచిలుకు. చాలామంది సిరీస్ గురించి రాస్తూ రాస్తూ సొంత ఇంటి గురించి రాసేశారు. మా ముత్తాత ఫలానా యుద్ధంలో ఉన్నాడు, పిల్లలతో కలిసి చూశాం, ఇలాంటివి. దేశ చరిత్ర వాళ్లకి వంశ చరిత్రలా చేరింది. బర్న్స్ సాధించింది ఇదే. చిక్కు కూడా సరిగ్గా ఇక్కడే ఉంది.

ముత్తాత ఎవరి ముత్తాత అన్నది ప్రశ్న.

సిరీస్‌లో ఫుట్ ఒక ముచ్చట చెప్తాడు. ఈ యుద్ధంలో నిజమైన మేధావులు ఇద్దరే, ఒకడు లింకన్, ఇంకొకడు నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్ అని ఫారెస్ట్ మనవరాలితో అన్నాడట. ఆవిడ కాసేపు ఆగి, మా ఇంట్లో లింకన్ గురించి ఎవరూ గొప్పగా అనుకోలేదండీ అందట. చూస్తే నవ్వొస్తుంది. కానీ ఫారెస్ట్ ఎవరు? దక్షిణాది సైన్యంలో జనరల్. యుద్ధానికి ముందు బానిసల వ్యాపారి. 1864 ఏప్రిల్‌లో ఫోర్ట్ పిల్లో దగ్గర లొంగిపోతున్న నల్లజాతి సైనికుల్ని చంపింది ఆయన దళం. తర్వాత నల్లవాళ్ల మీద దాడులు చేసిన తెల్లవాళ్ల రహస్య ముఠా కు క్లక్స్ క్లాన్‌కి మొదటి అధిపతి. ఒక నల్లజాతి కుటుంబం అదే సోఫాలో కూర్చుని ఆ ముచ్చట వింటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అదే సిరీస్‌లో కొలంబియా యూనివర్సిటీ చరిత్రకారిణి బార్బరా ఫీల్డ్స్ కూడా ఉంది. ఈ యుద్ధం ఇంకా అయిపోలేదు, ఇంకా ఓడిపోయే ప్రమాదమూ ఉంది అన్న అర్థంలో ఆమె అన్న మాట నా లెక్కలో మొత్తం పదకొండు గంటల్లోకీ బరువైనది. కానీ ఫుట్‌తో పోలిస్తే ఆమెకి దక్కిన సమయం చాలా తక్కువ. బర్న్స్ బానిసత్వాన్ని దాచాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. యుద్ధానికి కారణం అదేనని మొదటి భాగంలోనే చెప్పాడు. అందుకే దక్షిణాదిలో కొందరు ఇది ఉత్తరాది పక్షపాతం అని మండిపడ్డారు కూడా. కాకపోతే వాదన ఫీల్డ్స్‌కి ఇచ్చి, ప్రేమ ఫుట్‌కి ఇచ్చాడు. చూసేవాడికి గుర్తుండేది ప్రేమే.

చరిత్రకారుల్లో ఎరిక్ ఫోనర్, లియోన్ లిట్వాక్ లాంటివాళ్లు పట్టుకున్నది సిరీస్ ముగింపుని. 1913లో గెటిస్‌బర్గ్‌లో యాభై వేల పైచిలుకు ముసలి సైనికులు రెండువైపుల నుంచీ వచ్చి చేతులు కలిపారు, ఆ దృశ్యాలతో సిరీస్ తియ్యగా ముగుస్తుంది. అదే ఏడాది అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ప్రభుత్వం వాషింగ్టన్ ఆఫీసుల్లో నల్లవాళ్లని వేరుగా కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. బానిసలు విడుదలయ్యాక ఓటు హక్కు వచ్చి, మళ్లీ చేజారిన ఆ కాలమంతా తెర మీద గబగబా దాటిపోతుంది. ఈ విమర్శలన్నీ 1996లో ఒక పుస్తకంగా వచ్చాయి. అందులో బర్న్స్ జవాబు కూడా వేశారు, అది బాగుంది.

ఇదంతా పండితుల గొడవ అనుకుంటున్నారా? 2017 అక్టోబర్‌లో వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ జాన్ కెల్లీ, రాజీ పడలేకపోవడం వల్లే అంతర్యుద్ధం వచ్చిందన్నాడు. దేశమంతా గోల. మనుషుల్ని అమ్మే విషయంలో ఏం రాజీ అని. మర్నాడు ప్రెస్ సెక్రటరీ సమర్థిస్తూ ఎవరి పేరు ఎత్తిందో తెలుసా? కెన్ బర్న్స్ డాక్యుమెంటరీలోని షెల్బీ ఫుట్ పేరు. ఫుట్ అప్పటికి చనిపోయి పన్నెండేళ్లు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకి ఈ గొడవ ఇంకో దారిలో ఎదురైంది. సిటిజన్‌షిప్ పరీక్షకి 2008లో తెచ్చిన వంద ప్రశ్నల జాబితాలో, అంతర్యుద్ధానికి దారితీసిన ఒక సమస్య చెప్పమని ఉండేది. 2025లో ఆ జాబితా మార్చారు. బానిసత్వం అన్నా సరే, ఆర్థిక కారణాలన్నా సరే, రాష్ట్రాల హక్కులన్నా సరే. మూడింట్లో ఏది చెప్పినా మార్కు పడేది. ప్రభుత్వమే మూడు జవాబులు పక్కపక్కన పెట్టుకుంటే, టీవీ ముందు జనం విడిపోవడంలో వింతేముంది?

చూడాలనుకునేవాళ్లకి నా సలహా. మొదటి భాగం ఉత్తరం దాకా చూడండి, ఏడవాలనిపిస్తే ఏడవండి. టైము లేకపోతే అక్కడి నుంచి తొమ్మిదో భాగానికి వెళ్లి బార్బరా ఫీల్డ్స్ మాటలు వినండి. 1865 తర్వాత ఏమైందో కావాలంటే, హెన్రీ లూయిస్ గేట్స్ అనే పండితుడు 2019లో అదే పీబీఎస్‌కి నాలుగు గంటల సిరీస్ చేశాడు, వెతికి చూడండి. మీ ఇంట్లో ఎవరైనా ఆ పరీక్ష రాసి ఉంటే, ఆ ప్రశ్నకి ఏ జవాబు చెప్పారో కింద కామెంట్లలో పెట్టండి.